ట్రఫాల్గర్ వీరుడు నెల్సన్

నవోమీ నోవిక్ అను అమెరికా రచయిత్రి 2006లో ప్రారంభించిన 'టెమరేర్' నవలామాలికలో నెపోలియన్ కాలపు యుద్ధములందు డ్రాగన్లు ఆకాశమున పోరాడును. ఆ కల్పనలో ట్రఫాల్గర్ యుద్ధానంతరమును నెల్సన్ జీవించియుండును. చరిత్ర ఆయనకు అంత ఆయువు నీయలేదు.

హొరేషియో నెల్సన్ 1758లో ఇంగ్లండునందలి నార్ఫోక్ మండలమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించెను. తొమ్మిదవయేట తల్లిని గోల్పోయి, పండ్రెండవయేటనే నౌకాదళమున చేరెను. విచిత్రమేమన, ఓడ ప్రయాణమున కలుగు వికారము ఆ మహానావికుని తుదివరకు విడువలేదు! నాటి మదరాసునకును వచ్చి, తూర్పు సముద్రములలో మలేరియా పాలై, 1776లో శల్యావశిష్టుడై స్వదేశమునకు మరలెను. 1794లో కార్సికాయందు కుడికంటి చూపును, 1797లో టెనరీఫ్ నందు కుడిచేయియు పోయినవి. అయినను 1798లో నైలునదీ ముఖద్వార సమీపమున ఫ్రెంచి నౌకాదళమును ధ్వంసము చేసెను. మరుసటియేట నేపుల్సులో, ప్రతిపక్షమున చేరిన నౌకాధిపతి కరాచియోలోను విచారణ జరిగిన దినముననే ఉరితీయించుట ఆయన కీర్తికి మాయని మచ్చ.

1805 అక్టోబరు 21న స్పెయిన్ తీరమున 27 యుద్ధనౌకలతో 33 శత్రునౌకల నెదుర్కొనెను. ఆయన యెక్కిన 'విక్టరీ' వెనువెంటనే వచ్చిన 'టెమరేర్' ఓడ పేరునే నోవిక్ తన డ్రాగనునకు ఉంచెను. బిరుదు చిహ్నములు కుట్టిన కోటుతో, శత్రువునకు స్పష్టముగ కానవచ్చునట్లు ఆయన ఓడపై సంచరించుచుండెను. ఫ్రెంచి ఓడనుండి వచ్చిన తుపాకిగుండు భుజమున దూరి వెన్నెముకను ఛేదించెను. మూడుగంటలకు పైగా బాధపడి, జయవార్త విన్న పిదపనే కన్నుమూసెను. ఒక్క ఆంగ్లనౌకయు శత్రువశము కాలేదు. దేహమును బ్రాందీ పీపాయిలో భద్రపరచి కొనిపోయి, 1806 జనవరి 9న లండనులోని సెంటుపాల్ దేవాలయమున సమాధి చేసిరి.