ఆడపిల్లలను ట్రాక్ ఎక్కించిన కోచ్ - క్లీవ్ అబాట్

పరుగుపందెం అనగానే మనకు పరిగెత్తినవారి పేర్లే గుర్తొస్తాయి. వారిని పరిగెత్తించినవారి పేర్లు తెలియవు. అలాంటివారిలో క్లీవ్ అబాట్ ఒకరు. ఆయన అమెరికాలోని టస్కీగీ కళాశాలలో ముప్పై రెండేళ్ళు పనిచేసిన నల్లజాతి కోచ్.

అబాట్ తల్లిదండ్రులు దక్షిణాది అలబామా నుంచి బతుకుదెరువు కోసం ఉత్తరాన సౌత్ డకోటాకు వలసవెళ్ళారు. ఆయన పుట్టింది అక్కడే. నల్లవారు చాలా తక్కువగా ఉండే ఆ రాష్ట్రంలో చదువుతూనే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, పరుగు అన్నింటిలో ముందున్నారు. 1916లో డిగ్రీ పూర్తిచేసి, బుకర్ టి. వాషింగ్టన్ స్థాపించిన టస్కీగీలో వ్యవసాయ విభాగంలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లెఫ్టినెంటుగా ఫ్రాన్స్ వెళ్ళొచ్చారు. 1923లో తిరిగి టస్కీగీకి వచ్చి క్రీడా విభాగం అధిపతి అయ్యారు. ఫుట్‌బాల్‌లో ఆయన సాధించిన విజయాలు చాలా ఉన్నాయి గానీ నేను రాయదలచింది వేరే.

1927లో ఆయన టస్కీగీ రిలేస్ అనే పోటీలు మొదలుపెట్టారు. దక్షిణాదిలో తెల్లవారి పోటీల్లోకి నల్లవారిని రానివ్వని రోజులవి. 1929లో ఆ పోటీల్లో ఆడపిల్లలకూ పరుగులు చేర్చి, ఒక మహిళా జట్టును తయారుచేశారు. ఆడపిల్ల పోటీపడి పరిగెత్తడం మర్యాద కాదని చదువుకున్నవారే చెబుతున్న కాలంలో ఆయన ఈ పని చేశారు! 1937లో ఆ జట్టు మొదటిసారి జాతీయ చాంపియన్ అయింది. తర్వాత పదేళ్ళకు పైగా ఆ టైటిల్ దాదాపు టస్కీగీ సొత్తే.

ఆ జట్టులోకి వచ్చిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. జార్జియా రాష్ట్రం అల్బనీ పట్టణానికి చెందిన ఆలిస్ కోచ్‌మన్ మట్టిరోడ్ల మీద వట్టికాళ్ళతో పరిగెత్తేది. తాడు కట్టి దాని మీదుగా ఎగిరేది. పరిగెత్తినందుకు తండ్రి కొట్టేవాడు. 1939లో టస్కీగీ నుంచి పిలుపొస్తే మొదట ఇంట్లో ఒప్పుకోలేదు. చివరకు పంపారు. ఆమె అక్కడి హైస్కూల్లో చేరింది. ఆటలో గెలిచినా ఉచితంగా కూర్చోబెట్టలేదు. జిమ్ శుభ్రం చేసి, ఫుట్‌బాల్ జట్టు దుస్తులు కుట్టి చదువు ఖర్చు తీర్చుకునేది. బట్టలు కుట్టే కోర్సులోనే పట్టా పొందింది. హాస్టల్లో ఉండి చదివే మనకు ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు.

1939 నుంచి 1948 వరకు వరుసగా పదేళ్ళు హైజంప్‌లో ఆమే జాతీయ విజేత. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. లేకపోతే ఎన్ని పతకాలు వచ్చేవో! 1948లో లండన్‌లో 1.68 మీటర్లు ఎగిరి బంగారు పతకం గెలిచింది. ఒలింపిక్ స్వర్ణం సాధించిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఇంగ్లండు రాజు ఆరవ జార్జి స్వయంగా పతకం అందించాడు. సొంత ఊరు అల్బనీలో సన్మానసభ పెట్టి నల్లవారిని, తెల్లవారిని వేరువేరుగా కూర్చోబెట్టారు. అదే వేదిక మీదున్న మేయరు ఆమెతో చేయి కలపలేదు. రాజు కలిపిన చేయి అది!

ఓడిపోయినవారికీ టస్కీగీ ఉపయోగపడింది. స్కూలు రోజుల్లో విల్మా రుడాల్ఫ్ ఆ మైదానంలో జరిగిన పోటీల్లో ఒక్క పరుగూ గెలవలేకపోయింది. అదే అమ్మాయి 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది.

1955 ఏప్రిల్‌లో అబాట్ మరణించారు. అప్పటికీ ఆయన టస్కీగీలోనే పనిచేస్తున్నారు. ఆ మరుసటి ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో టస్కీగీ విద్యార్థిని మిల్‌డ్రెడ్ మెక్‌డానియల్ హైజంప్‌లో 1.76 మీటర్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళా అథ్లెటిక్స్ జట్టు కోచ్‌గా వెళ్ళిన నెల్ జాక్సన్ కూడా అబాట్ దగ్గర పరిగెత్తిన అమ్మాయే.