హిప్పో బిషప్పు అగస్టీను: కలతల కాలములో ధ్యానము, ఆత్మపరీక్ష

మన డయాసిస్ నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ సమయమున ప్రియ సంఘస్థుల యెదుట ఒక పూర్వపు దైవజనుని జీవితమును ఉంచుటకు ఇష్టపడుచున్నాము. ఆయన మన దేశస్థుడు కాడు. పదునారు వందల యేండ్ల క్రిందట ఉత్తర ఆఫ్రికాలో జీవించిన బిషప్పు. పేరు అగస్టీను. సంఘ చరిత్రలో ఆ పేరు ఎరుగనివారు తక్కువ. అయితే మేమిక్కడ చెప్పదలచినది ఆయన సిద్ధాంతములను గూర్చి కాదు. లోకము తలక్రిందులగుచున్న దినములలో ఆయన తన్ను తాను ఎట్లు పరీక్షించుకొనెను, ఆ పరీక్ష ఆయనను ఎట్లు నిలువబెట్టెను అను సంగతి మాత్రమే చెప్పుదుము.

ధ్యానమనగానే మన సంఘములలో రెండు విధముల తలంపులున్నవి. అది మనది కాదు, ఇతర మతస్థుల సాధన అని కొందరందురు. అది తీరికగలవారి పని, పంట పోయినవానికి, ఉద్యోగము ఊడినవానికి, ఆసుపత్రి మంచము మీద నున్నవానికి దానితో పనియేమి అని మరికొందరందురు. మొదటి మాటకు జవాబు మన ఆలయములోనే యున్నది. ప్రభు భోజనమునకు ముందు ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొనవలెనని పౌలు కొరింథీ సంఘమునకు నేర్పెను. మన సిద్ధపాటు ఆరాధన అందుకొరకే గదా! రెండవ మాటకు జవాబు అగస్టీను జీవితము.

బాల్యము, చదువు

అగస్టీను 354వ సంవత్సరము నవంబరు 13న తగస్తే అను చిన్న పట్టణములో జన్మించెను. నేటి అల్జీరియా దేశములోని సూక్ అహ్రాస్ అను ఊరే అది. ఆ దినములలో ఆ ప్రాంతమంతయు రోమా సామ్రాజ్యములోనిది. తండ్రి పాత్రీసియు కొద్దిపాటి భూమిగల గృహస్థుడు. మరణమునకు కొంచెము ముందు మాత్రమే ఆయన బాప్తిస్మము పొందెను. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. కుమారుని చదువుకొరకు తండ్రి తన శక్తికి మించి ఖర్చు పెట్టెను. అయినను డబ్బు చాలక పదునారవ యేట చదువు నిలిచిపోయి, అగస్టీను ఇంటిపట్టున ఉండవలసి వచ్చెను.

ఆ యేడే ఆయన స్నేహితులతో కలిసి రాత్రివేళ ఒకరి చెట్టు దులిపి బేరిపండ్లు దొంగిలించెను. ఆకలిచేత కాదు, ఇంటిలో అంతకంటె మంచి పండ్లే ఉండెను. కోసినవి చాలవరకు పందులకు పారవేసిరి. బిషప్పయిన తరువాత ఆయన ఈ చిన్న సంగతిని పట్టుకొని అనేక పుటలు వ్రాసెను. తాను ఎందుకు దొంగిలించెను, ఒంటరిగా నుండిన యెడల ఆ పని చేసియుండునా అని వెదకెను. తప్పు చేయుటయందలి రుచియు, తోడివారి మెప్పుమీది ఆశయు తన లోపల కనబడెను. చదువరులకు ఇది చాదస్తముగా తోచవచ్చును. గాని ఆత్మపరీక్ష యనగా ఇదియే. చేసిన పని పెద్దదా చిన్నదా అని కొలుచుట కాదు, అది హృదయములో ఏ మూలనుండి వచ్చెనో చూచుట.

పదునేడవ యేట రోమానియాను అను ధనికుని సహాయముతో కార్తేజి నగరమునకు వెళ్లి చదువు సాగించెను. అక్కడ ఒక స్త్రీతో వివాహము లేకుండనే కాపురముండెను. వారికి అదెయోదాతు అను కుమారుడు కలిగెను. దేవుడిచ్చినవాడని ఆ పేరునకు అర్థము. పందొమ్మిదవ యేట సిసెరో వ్రాసిన హోర్తెన్సియుస్ అను గ్రంథమును చదువగా సత్యమును వెదకవలెనను కోరిక పుట్టెను. గాని వేదము తెరచినప్పుడు దాని సాదా భాష ఆ పండితునికి రుచింపలేదు. అందుచేత మానీ అనువాని బోధను అనుసరించువారిలో చేరి, ఇంచుమించు తొమ్మిదేండ్లు వారితోనుండెను. ఆ బోధ ప్రకారము మనుష్యునిలో పాపము చేయునది తాను కాదు, తనలోనున్న చీకటి స్వభావము. అట్టి బోధ ఎంత సుఖమైనదో చూడుడి! తప్పు జరుగుచునే యుండును, తప్పు చేసినవాడు మాత్రము ఎవడును ఉండడు. ఆ యేండ్లలో ఒక ప్రియ స్నేహితుడు జ్వరముతో మరణింపగా అగస్టీను దుఃఖము పట్టలేక ఊరు విడిచెను. ఊరు మారెను గాని దుఃఖము వెంటనే వచ్చెను. తన మనస్సే తనకు తెలియని ప్రశ్నగా నిలిచెను.

మిలానులో మార్పు

383లో ఆయన రోమునకు వెళ్లెను. మరుసటి యేడు మిలానులో అలంకారశాస్త్ర ఆచార్యుడుగా గొప్ప ఉద్యోగము దొరికెను. అక్కడి బిషప్పు అంబ్రోసు ప్రసంగములను మొదట భాషా సౌందర్యము కొరకు విని, క్రమముగా అర్థము కొరకు వినసాగెను. ఒక సంగతి ఆయనను మిక్కిలి ఆకర్షించెను. అంబ్రోసు తీరిక దొరికినప్పుడు పెదవి కదపక, స్వరమెత్తక, కన్నులతోనే చదువుకొనుచుండెను. చూడవచ్చినవారు ఆయనను కదపలేక కొంతసేపు మౌనముగా కూర్చుండి వెళ్లిపోవుచుండిరి. రాజ్య వ్యవహారములతోను ప్రజల పనులతోను ఊపిరాడని బిషప్పు ఆ కొద్ది నిమిషముల మౌనమును కాపాడుకొనుట అగస్టీను మరువలేదు.

ఇంతలో పెద్ద సంబంధము కుదిరినదని, ఇంచుమించు పదునైదేండ్లు తనతో కాపురము చేసిన ఆ స్త్రీని ఆయన పంపివేసెను. ఆమె కుమారుని విడిచి, మరియొక పురుషునితో కాపురము చేయనని మ్రొక్కుకొని ఆఫ్రికాకు తిరిగి వెళ్లెను. ఆమె పేరు నేటికిని ఎవరికిని తెలియదు. ఈ సంగతిని ఆయన తరువాత దాచుకొనలేదు. తన గాయమును, ఆమె మ్రొక్కుబడి యెదుట తన బలహీనతను వ్రాసిపెట్టెను.

386వ సంవత్సరము వేసవిలో మిలానులోని ఒక తోటలో ఆయన పోరాటము తుదకు వచ్చెను. స్నేహితుడు అలీపియు దగ్గరలో ఉండెను. పుస్తకము తీసికొని చదువుమని పాడుచున్నట్లు పొరుగింటి నుండి ఒక పసి గొంతు వినబడగా, రోమీయులకు వ్రాసిన పత్రిక తెరచి, పదుమూడవ అధ్యాయము చివరి వచనములను చదివెను. హృదయము కుదుటబడెను. వెంటనే ఆయన ప్రసంగ పీఠమెక్కలేదు. ఉద్యోగము విడిచి, తల్లితోను కుమారునితోను కొందరు స్నేహితులతోను కస్సీసియాకు అను పల్లెలో కొన్ని నెలలు గడిపెను. అక్కడ వ్రాసిన ఒక చిన్న గ్రంథములో ఆయన తన బుద్ధితో తానే సంభాషించెను. బుద్ధి ప్రశ్నలడుగును, తాను జవాబు చెప్పును. దేవుని ఎరుగుట, తన ఆత్మను ఎరుగుట, ఈ రెండే ఆ సంభాషణలో ఆయన కోరినవి. ఇవి విడదీయరాని రెండని మేము గట్టిగా చెప్పుచున్నాము. దేవుడు లేని ఆత్మపరీక్ష మనుష్యుని నిరాశకైనను గర్వమునకైనను చేర్చును.

387 ఈస్టరు పండుగ రాత్రి అంబ్రోసు చేతిమీదుగా అగస్టీను, అదెయోదాతు, అలీపియు బాప్తిస్మము పొందిరి. ఆ యేడే ఇంటికి తిరిగి వెళ్లుచుండగా ఓస్తియా రేవులో మోనికా కన్నుమూసెను. కొద్దికాలములో కుమారుడును యవ్వనములోనే చనిపోయెను.

ప్రజల మధ్య

తగస్తేలో స్నేహితులతో ప్రార్థనలోను చదువులోను గడపవలెనని ఆయన ఆశించెను. గాని 391లో హిప్పో పట్టణమునకు వెళ్లినప్పుడు సంఘస్థులు ఆయనను పట్టుకొని బిషప్పు వలేరియు ఎదుట నిలువబెట్టగా, కన్నీళ్లతో గురువుగా అభిషేకము పొందెను. వెంటనే బిషప్పుగారికి ఉత్తరము వ్రాసి, వేదమును ధ్యానించుటకు కొంత గడువు వేడుకొనెను. 396 నాటికి తానే బిషప్పాయెను. నాటినుండి భూమి తగవులు, ఆస్తి తగవులు, అనాథల పోషణ, ప్రసంగములు ఆయన దినములను నింపినవి. ఆ ఒత్తిడిలోనే, 397 మొదలుకొని కొన్ని యేండ్లలో, తన ఒప్పుకోలు గ్రంథమును పదుమూడు భాగములుగా వ్రాసెను. అది ఆద్యంతము దేవునితో చేసిన ప్రార్థన. పదియవ భాగములో ఆయన పాత పాపములను విడిచి, బిషప్పుగా నున్న తనను అప్పటికి ఏవి శోధించుచున్నవో చెప్పెను. భోజనము, సంగీతము, అన్నిటికంటె ముఖ్యముగా మనుష్యుల పొగడ్త. గతమును ఒప్పుకొనుట సులభము. నేటి దినమును ఒప్పుకొనుట కష్టము.

ఆత్మపరీక్ష చేసికొన్న భక్తుడు తప్పిపోడని మేము చెప్పుట లేదు. ఆఫ్రికా సంఘము ఆనాడు రెండుగా చీలియుండెను. వేరుపడిన డోనాటు వర్గమువారిని మాటలతోనే ఒప్పించవలెనని అగస్టీను మొదట తలంచెను. 405లో చక్రవర్తి చట్టము వారిమీదికి వచ్చిన తరువాత, బలవంతముగా చేర్చుటను సమర్థించెను. సంఘ చరిత్రలో తరువాత అనేకులు ఆ వాదనను కత్తిగా వాడుకొనిరి. తన హృదయమును అంత లోతుగా చూచినవాడును ఒక చోట చూడలేకపోయెను. కాబట్టి ఎవడును తన పరీక్షను తానొక్కడే ముగింపలేడు. సహోదరుల గద్దింపు కూడ కావలెను.

రోము పడిన దినములు

410 ఆగస్టు 24న అలారిక్ నడిపించిన గోతు సైన్యము రోములో ప్రవేశించి మూడు దినములు దోచుకొనెను. ఎనిమిది వందల యేండ్లుగా పరసైన్యమునకు చిక్కని నగరమది. ఓడలనిండ కాందిశీకులు ఆఫ్రికా రేవులకు వచ్చిరి. పాత దేవతలను విడిచినందుననే ఈ కీడు వచ్చెనని అన్యులు క్రైస్తవులను నిందించిరి. విశ్వాసులును కలవరపడిరి. అగస్టీను 413లో దేవుని పట్టణము అను గ్రంథమును ఆరంభించి 426లో ఇరువదిరెండు భాగములుగా ముగించెను. దేవుని ప్రేమించువారి పట్టణము ఒకటి, తన్ను తాను ప్రేమించుకొనువారి పట్టణము మరియొకటి, ఈ రెండును లోకములో కలిసియున్నవని ఆయన బోధించెను. మనము ఏ పట్టణమువారమో ఊరి పేరు చెప్పదు, సభ్యత్వపు పుస్తకమును చెప్పదు. హృదయమును పరీక్షించి చూచినప్పుడే తెలియును.

డెబ్బది దాటిన తరువాత ఆయన మరియొక పని చేసెను. తాను వ్రాసిన గ్రంథములన్నిటిని వరుసగా తిరిగి చదివి, 426, 427 సంవత్సరములలో వాటిలోని లోపములను తానే వ్రాసి ప్రకటించెను. 93 రచనలు, 232 భాగములు అట్లు పరిశీలింపబడెను. లోకమంతయు పొగడుచున్న వయస్సులో తన పనిమీద తానే విచారణ పెట్టుకొనెను.

చివరి దినములు

429లో వాండలు జాతివారు స్పెయిను నుండి సముద్రము దాటి ఆఫ్రికా మీద పడిరి. గురువులు పారిపోవచ్చునా అని ఒక బిషప్పు అడుగగా, ప్రజలందరితో కలిసి సురక్షిత స్థలమునకు వెళ్లవచ్చును గాని, పరిచర్య అవసరమైన ప్రజలు మిగిలియున్నంతవరకు వారిని విడిచి పోరాదని అగస్టీను జవాబు వ్రాసెను. తానును హిప్పోలోనే నిలిచెను. 430లో పట్టణము ముట్టడింపబడెను. మూడవ నెలలో ఆయనకు జ్వరము వచ్చెను. పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి మంచమునకు ఎదురుగా గోడకు పెట్టించుకొని, చదువుచు కన్నీరు విడుచుచుండెను. చివరి పది దినములు వైద్యులు వచ్చు వేళ, భోజనము తెచ్చు వేళ తప్ప ఎవరిని లోపలికి రానియ్యవద్దని కోరెను. ఆగస్టు 28న, డెబ్బదియైదేండ్ల వయస్సులో, ప్రభువునందు నిద్రించెను. ఆస్తి లేదు గనుక వీలునామాయును లేదు. సంఘ గ్రంథాలయమును కాపాడుమని మాత్రము చెప్పియుండెను.

ఆ గోడమీది కీర్తనలను మనము తలంచుకొందము. బయట శత్రువు, లోపల జ్వరము. శత్రువులను శపించుటకు ఆయన ఆ సమయమును వాడుకొనలేదు. నలుబది యేండ్లు పరిచర్య చేసినందున తనకు హక్కు కలదనియు తలంపలేదు. కృప కొరకు కనిపెట్టుకొనెను. మౌనము ఆయనను ప్రజలనుండి దూరము చేయలేదు. వారిని విడువకుండునట్లు చేసినది ఆ మౌనమే.

నూరేండ్ల పండుగలో కట్టిన ఆలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుట న్యాయమే. దేవునికి స్తోత్రము. గాని ఒక లెక్క మిగిలియున్నది. మన తగవులు ఎన్ని కోర్టులకెక్కినవి? వెలుపలనుండి వచ్చినవారిని మన పంక్తిలో ఎట్లు కూర్చుండబెట్టితిమి? మనము పంపివేసి, పేరైనను వ్రాసికొననివారు ఎందరు? అగస్టీను తన పుస్తకములను తిరిగి చదివినట్లు మన సంఘములు తమ మినిట్సు పుస్తకములను తిరిగి చదువుకొనుట మంచిది.

ఇంటిలో మొదలుపెట్టుటకు కష్టమేమియు లేదు. రాత్రి దీపమార్పుటకు ముందు పావుగంట చాలును. ఒక కీర్తన నెమ్మదిగా చదువుడి. ఆ దినమున పలికిన మాటలను, పలుకక దాచిన మాటలను జ్ఞాపకము చేసికొనుడి. ఏది ఎందుకు చేసితిమో ప్రభువు ముందు దాచక చెప్పుడి. అక్కడ ఆగవద్దు, ఆయన క్షమాపణను అంగీకరించి లేవుడి. మరునాడు క్షమాపణ అడుగవలసిన మనుష్యుడు ఎవడైన జ్ఞాపకము వచ్చిన యెడల, తెల్లవారగానే వాని గుమ్మమునకు వెళ్లుడి. రెండవ నూరేండ్లలో ప్రవేశించుచున్న మన సంఘమునకు ప్రభువు అట్టి హృదయములను అనుగ్రహించును గాక. ఆమెన్.