కిరాయి ఇల్లు, కొలువు, ఇజ్జత్: హార్వీ మిల్క్ కొట్లాట

నగర సర్కారు అంటే మనకు మోరీలు, చెత్త బండి, ఇంటి పన్ను యాదికొస్తయి. మనిషి ఇజ్జత్ కాపాడుడు గూడ దాని పనే అని చేసి చూపెట్టినాయన హార్వీ మిల్క్. అమెరికాల శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి మన కార్పొరేటర్ అసొంటి పదవిల ఉండె. ఆ పదవిల పదకొండు నెలలు గూడ నిండలే, ప్రాణం తీసిన్రు.

1930ల న్యూయార్క్ దగ్గర్ల ఒక యూదుల ఇంట్ల పుట్టిండు. తనకు మొగోళ్ల మీదనే ప్రేమ అని చిన్నప్పటి సంది ఎరుకే, కని దాసిపెట్టుకున్నడు. నేవీల చేరిండు. గా సంగతి మీద ఆరా తీసుడు షురూ కాంగనే 1955ల కొలువు ఇడిచిపెట్టి రావాల్సొచ్చింది. తర్వాత పంతులుగ జేసిండు, షేర్ల కంపెనీల జేసిండు. 1972ల శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చి, మరుసటేడు క్యాస్ట్రో గల్లీల తన తోడుతోని గలిసి కెమెరా దుకాణం పెట్టిండు.

అప్పట్ల ఇద్దరు మొగోళ్లు జంటగ ఉంటున్నరని తెలిస్తే ఓనర్ ఇల్లు ఖాళీ చెయ్యమంటుండె, సేటు కొలువుకెళ్లి తీసేస్తుండె. గట్ల చేసినోళ్లని నిలదీసే చట్టం లేకుండె.

మిల్క్ ఉత్త ఉపన్యాసాలు చెప్పుకుంట కూసోలే. బీరు లారీల డ్రైవర్లు యూనియన్ కోసం కొట్లాడుతుంటే, గే బార్లన్నీ తిరిగి ఆ కంపెనీల బీరు అమ్మకుండ ఆపిచ్చిండు. దానికి బదులు గే పోరగాళ్లకు డ్రైవర్ కొలువులు ఇయ్యమని యూనియన్‌ను అడిగిండు. కష్టజీవులతోని దోస్తానా గట్ల కుదిరింది.

1973, 1975, 1976ల మూడుసార్లు ఎలక్షన్ల ఓడిపోయిండు. అంతకుముందు ఊరంత గలిసి ఓటేసే పద్ధతి ఉండె. 1977ల అది వార్డులకు మారంగనే, తన గల్లీల జనమే ఆయనను గెలిపిచ్చిన్రు.

1978ల అసలు పని జేసిండు. స్వలింగ ప్రేమికులని చెప్పి ఇల్లు, కొలువు, హోటళ్ల జాగ ఇయ్యకపోవుడు తప్పు అని నగర చట్టం తెచ్చిండు. సభల డాన్ వైట్ అనే ఒక్క మెంబరే వద్దన్నడు. మేయర్ జార్జ్ మాస్కోనీ సంతకం పెట్టిండు. కుక్కను తిప్పేటోడే దాని పెంట ఎత్తాలె అనే చట్టం తెచ్చింది గూడ మిల్కే. వార్డు పని, హక్కుల పని ఆయనకు యేరేయేరు గాదు.

అదే ఏడాది, గే టీచర్లను బడులకెళ్లి తీసెయ్యాలని రాష్ట్రమంత ఓటింగ్ పెట్టిన్రు. మిల్క్ ఊరూరు తిరిగిండు. నూటికి 58 మంది దాకా గా ప్రతిపాదన వద్దన్నరు.

గెలిచి మూడు వారాలు గాలే. రాజీనామా ఇచ్చిన డాన్ వైట్ మల్ల పదవి అడిగిండు, మేయర్ ఇయ్యనన్నడు. 1978 నవంబర్ 27న నగర భవనంలనే ఇద్దరినీ కాల్చి సంపిండు. మిల్క్‌కు అప్పుడు 48 ఏండ్లు. ఆ రాత్రి వేలమంది కొవ్వొత్తులు పట్టుకొని నడిచిన్రు. రెండు పాణాలు తీసినోనికి పడ్డ శిక్ష ఏడేండ్ల ఎనిమిది నెలలు.

ఆయన ఏసిన తొవ్వ మాత్రం ఆగలే. నగరం కాంట్రాక్టు గావాల్నంటే స్వలింగ జంటలకు గూడ సమానంగ సౌలతులియ్యాలె అని 1996ల అదే నగరం చట్టం జేసింది. 2004ల దాదాపు 4,000 జంటలకు పెండ్లి లైసెన్సులిచ్చింది. కోర్టు అవి చెల్లవన్నది. అయినా కొట్లాట ఇడువలే, పెండ్లి హక్కు గెలిచిన్రు.

మన దగ్గర పెండ్లి హక్కు అడిగినోళ్లల్ల హైదరాబాద్ జంట గూడ ఉన్నది. 2023ల సుప్రీంకోర్టు అది చట్టసభలు తేల్చాలె అన్నది. సరే, గా పెండ్లి చట్టం వచ్చేదాకా కిరాయి ఇల్లు గూడ ఆగాల్నా? రేపు ఓటుకొచ్చే కార్పొరేటర్లను మోరీ గురించి అడిగినట్టే, దీని గురించి గూడ అడుగుదాం. కనీసం ఒక తీర్మానమన్న పెట్టమందాం.