యోహాన్ డి విట్

యోహాన్ డి విట్ (సెప్టెంబర్ 24, 1625 - ఆగష్టు 20, 1672) డచ్చి రాజనీతిజ్ఞుడు, గణిత శాస్త్రవేత్త. 1653 నుండి 1672 వరకు హాలండు గ్రాండ్ పెన్షనరీగా, అనగా ప్రధానమంత్రి వంటి పదవిలో, డచ్చి గణతంత్రాన్ని నడిపించాడు. జీవిత బీమా గణితానికి ఆద్యులలో ఒకడు. మచిలీపట్నంలోని వలందపాలెం పేరుకు కారణమైన వలందావారు ఈ దేశస్థులే.

బాల్యము, విద్య

డోర్డ్రెక్ట్ నగరంలో జన్మించాడు. లైడెన్‌లో న్యాయశాస్త్రము చదివి, 1645లో ఫ్రాన్సులోని ఆంజే నగరంలో పట్టా పొందాడు. వక్రరేఖలపై ఇతడు రచించిన గ్రంథము డెకార్ట్ జ్యామితి లాటిన్ ప్రతితో కలిసి వెలువడింది.

వార్షికాల లెక్క

ఆ కాలంలో ప్రభుత్వము యుద్ధ ఖర్చులకు ప్రజల నుండి రెండు విధాలుగా అప్పు తీసుకొనేది. మొదటిది మామూలు వడ్డీ అప్పు. రెండవది జీవిత వార్షికము: ఒకేసారి సొమ్ము చెల్లిస్తే, పేర్కొన్న వ్యక్తి బ్రతికి ఉన్నంతకాలము ఏటేటా కొంత మొత్తము ముట్టేది. ఏటా 1 గిల్డరు రావడానికి 14 గిల్డర్లు కట్టాలి. పసివానికైనా, వృద్ధునికైనా ధర ఒక్కటే. అందువలన తెలివిగలవారు పిల్లల పేర్లపై కొనేవారు, నష్టము ఖజానాది.

సరైన ధర ఎంతో తేల్చుతూ డి విట్ 1671 జులైలో హాలండు సభకు నివేదిక సమర్పించాడు. ఆయుర్దాయాన్ని ఆరేసి నెలల భాగాలుగా విడదీశాడు. మూడేళ్ళ నుండి 53 ఏళ్ళ వరకు ప్రతి భాగంలోను మరణావకాశము సమానమని, ఆపై వేరు నిష్పత్తులని, 80 ఏళ్ళతో సరి అని భావించాడు. ఒక్కొక్క సందర్భంలో ముట్టే సొమ్ము నేటి విలువను 4 శాతము వడ్డీతో కట్టి, సగటు తీయగా 16 గిల్డర్లు తేలింది. ఈ నిష్పత్తులు చాలవరకు ఊహలే. అయితే మృత్యువును, వడ్డీని ఒకే లెక్కలోకి తెచ్చిన పద్ధతి నేటికీ బీమా సంస్థల ప్రీమియం గణనకు మూలము. ఇతని మిత్రుడు యోహాన్ హడ్డే, 1586-1590 మధ్య ఆంస్టర్‌డాంలో వార్షికాలు కొన్న 1495 మంది వివరాలతో మరొక పట్టిక తయారుచేశాడు.

మరణము

1672లో ఫ్రాన్సు, ఇంగ్లాండు దండెత్తగా, సైన్యాన్ని నిర్లక్ష్యము చేశాడన్న నింద డి విట్‌పై పడింది. నౌకాబలాన్ని పెంచినవాడే అయినా, పదాతి దళము విషయంలో ఆ నింద పూర్తిగా అన్యాయము కాదు. జూన్‌లో కత్తిపోట్లకు గురై, ఆగష్టులో పదవి వీడాడు. హేగ్ చెరసాలలో ఉన్న అన్న కార్నెలిస్‌ను చూడబోగా, మూక ఇద్దరినీ బయటకు లాగి చంపి, శవాలను ఛిద్రము చేసింది. అప్పటికి ఇతని వయస్సు 46 ఏళ్ళు.

నివేదిక కొంతకాలానికి దొరకకుండా పోయింది. యాకోబ్ బెర్నౌలీ దానికై లైబ్నిజ్‌ను అడిగినా ప్రతి అందలేదు. 19వ శతాబ్దంలో ఫ్రెడరిక్ హెండ్రిక్స్ ఆంగ్లానువాదంతో అది తిరిగి వెలుగులోకి వచ్చింది.