యల్లాప్రగడ సుబ్బారావు: ఎర్ర మాత్ర వెనకున్న మనిషి

సంక్రాంతి సెలవులకి న్యాల్‌కల్ వెళ్ళినప్పుడు నాకు రెండు పనులున్నాయి. ఒకటి, వేసవిలో బయటి దేశంలో రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ కోసం అప్లికేషన్ రాయడం. రెండోది, కాన్పుకు పుట్టింటికొచ్చిన అక్క రోజూ మాత్ర వేసుకుంటుందో లేదో చూడటం. మొదటిది నాకు నేను పెట్టుకున్న పని. రెండోది అమ్మ అప్పగించింది.

ఆ మాత్ర మీరందరూ చూసే ఉంటారు. సర్కారు దవాఖానలో గర్భిణులకి ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్ర. వేసుకుంటే వికారం వస్తుందని అక్క దాన్ని దిండు కింద దాచేది. ఒకరోజు స్ట్రిప్ తిప్పి చదివాను. 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. అప్లికేషన్‌లో పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నావు అనే ప్రశ్న దగ్గర మూడు రోజులుగా ఆగిపోయి ఉన్నాను కాబట్టి, ఆ పని ఎగ్గొట్టడానికి ఫోలిక్ యాసిడ్ గురించి చదవడం మొదలుపెట్టాను. అలా దొరికాడు యల్లాప్రగడ సుబ్బారావు. పేరు స్కూల్లో జీకే పుస్తకంలో ఒక లైన్‌గా చదివిందే. మనిషి గురించి నాకేమీ తెలియదని అప్పుడే తెలిసింది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల ఇల్లు, చాలీచాలని సంపాదన. చదువులో చిన్నప్పటి నుంచీ ఫస్టు వచ్చే రకం కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారి రాస్తే గానీ గట్టెక్కలేదు, అది కూడా మద్రాసు హిందూ హైస్కూల్లో. బ్యాక్‌లాగ్‌లు ఉన్న మిత్రులు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకోవచ్చు. పదమూడేళ్ళప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోతే, వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ చదువులో కూర్చోబెట్టింది తల్లే. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. అప్పుడు రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ససేమిరా అంది. మిషన్ వాళ్ళు కూడా ముందు వైద్యం చదువుకోమని పంపారు.

అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చుకి స్నేహితులూ, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ సాయపడ్డారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్ళయింది. అవి గాంధీగారి పిలుపు మీద విదేశీ బట్ట వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదిగా చూసే ఎల్ఎంఎస్. దాంతో మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ గడిపారు.

ఈ మధ్యలోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది వ్యవధిలోనే ఒకరి వెనక ఒకరు చనిపోయారు. ఈ జబ్బు వస్తే పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు, తర్వాత రక్తహీనత, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకి కూడా అదే జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో ఆయన బతికారు. డాక్టరు చదువు చదివి కూడా సొంతవాళ్ళ రోగానికి కారణమేంటో చెప్పలేకపోవడం ఆయన్ని వదల్లేదు.

అమెరికాలోని హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల మీద ప్రత్యేకంగా చదువు చెప్తారని తెలిసి అటు వెళ్ళాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి డబ్బు సర్దారు. 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు. శేషగిరి అప్పుడు గర్భవతి.

ఇక్కడ నేను కొంచెం ఆగాను. మనం ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళాలంటే ఫండింగ్ లెటర్, వీసా, హాస్టల్ అన్నీ చూసుకుని బయల్దేరతాం. పది వారాల తర్వాత రిటర్న్ టికెట్ ఉంటుంది. ఆయన లైసెన్సు లేని డాక్టరు, కాబట్టి అక్కడ వైద్యం చేయడానికి లేదు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి కుదిరి రోగుల మలమూత్రాల పళ్ళేలు కడిగారు. పగలు క్లాసులు. ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

ఫిస్కే ఇచ్చిన సమస్య వినడానికి చిన్నది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవాలి. అప్పటికున్న పద్ధతులు నమ్మదగ్గవిగా లేవు. వీళ్ళిద్దరూ తయారుచేసిన పద్ధతిలో ఫాస్ఫేటుని ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలిపి ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ పద్ధతిని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. మన క్యాంపస్‌లో బయోటెక్ వాళ్ళని అడగండి.

దీన్ని కండరం మీద వాడినప్పుడు ఒక తేడా కనిపించింది. నీలం రంగు రావాల్సినంత వేగంగా రాలేదు. మనమైతే రీడింగ్ తప్పని కొట్టేసి మళ్ళీ తీసేవాళ్ళం. వాళ్ళు ఆ ఆలస్యం వెంట వెళ్ళారు. కండరంలో ఫాస్ఫరస్ ఇంకో పదార్థంతో కట్టుబడి ఉండి నెమ్మదిగా విడిపోతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్ళకి, 1929లో, ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఇంటర్‌లో బైపీసీ వాళ్ళు వందసార్లు రాసిన ఏటీపీ ఇదే. నేను ఎంపీసీ కాబట్టి తప్పించుకున్నాను. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమనే అప్పటి సిద్ధాంతానికి ఈ పనితో పునాది కదిలింది. 1930లో సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది.

ఇంత చేశాక హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దొరకాలి కదా. దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి మారిపోయారు. తర్వాత అక్కడ పరిశోధన మొత్తానికి డైరెక్టరయ్యారు. చివరి ఎనిమిదేళ్ళలో ఆయన బృందాల చేతుల మీదుగా వచ్చినవి చూస్తే ఒక్క మనిషి జీవితంలో ఇన్ని ఎలా పట్టాయా అనిపిస్తుంది.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దీని మొదలు మన దేశంలోనే ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భం సమయంలో వచ్చే రక్తహీనతని చూసి, ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం దాన్ని తగ్గిస్తోందని చెప్పారు. కాలేయంలోనూ అలాంటిది ఉందని తెలుసు గానీ అదేంటో తెలియదు. టన్నులకొద్దీ కాలేయం ఉడికించినా చేతికొచ్చేది చిటికెడే. సుబ్బారావు బృందం దాన్ని విడదీసి, నిర్మాణం తెలుసుకుని, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ వెంటనే జరిగిన పరీక్షల్లో అది స్ప్రూ రోగుల రక్తహీనతని కూడా తగ్గిస్తుందని తేలింది. ఆయన అన్నదమ్ములు పోయిన జబ్బు అది. ఈ పేరా దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

రెండోది దానికి వ్యతిరేకం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ లాంటివి ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరింది. అంటే క్యాన్సర్ కణాలకి కూడా అది కావాలి. మరి దాన్ని అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించే నకిలీ అణువులు చేసి ఇచ్చింది. మన భాషలో చెప్పాలంటే, ఫార్మాట్ సరిగ్గా ఉన్న తప్పుడు ఇన్‌పుట్. కణం దాన్ని తీసుకుంటుంది, అక్కడే హ్యాంగ్ అవుతుంది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు గుణం కనిపించింది. ఆ మందు అమినోప్టెరిన్. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్‌కి, కీళ్ళవాతానికి ఈరోజు కూడా వాడుతున్నారు.

మూడోది 1947లో వచ్చిన హెట్రజాన్, అంటే డీఈసీ. బోదకాలు రాకుండా మన ఊళ్ళల్లో ఆశా అక్కలు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర. నాలుగోది ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి యాంటీబయాటిక్. దీన్ని బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, డెబ్బై దాటిన వయసులో, మిసోరీ విశ్వవిద్యాలయం పొలం నుంచి వచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాబట్టారు. రిటైరైన మనిషికి ఆ అవకాశం దొరికింది సుబ్బారావు నడిపిన ల్యాబ్‌లో.

ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన ఆ 1948లోనే, ఆగస్టులో, ఆయన నిద్రలో గుండెపోటుతో పోయారు. వయసు 53. ఆసియావాళ్ళకి పౌరసత్వం ఇవ్వని చట్టాల కింద అక్కడ పాతికేళ్ళు బతికారు. 1946లో భారతీయులకి ఆ తలుపు తెరిచాక కూడా ఆయన లోపలికి వెళ్ళలేదు, భారతీయుడిగానే పోయారు. కానీ ఓడెక్కిన తర్వాత ఒక్కసారి కూడా ఇండియాకి రాలేదు. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ స్టాంపు వేసింది.

ఇదంతా రాత్రి భోజనాలప్పుడు అక్కకి చెప్పాను. ఏటీపీ, నీలం రంగు, నకిలీ అణువు అన్నీ. అక్క అంతా విని ఒక్కటే అడిగింది, ఆయన భార్య ఏమైందని. చెప్పాల్సి వచ్చింది. కొడుకు పుట్టి పసిప్రాయంలోనే పోయాడు. తండ్రి వాణ్ణి చూడనే లేదు. శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. కాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. ఆయన వల్ల ఎన్ని లక్షల పిల్లలు బతికారో చెప్దామని నోటిదాకా వచ్చింది గానీ, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న అక్క ముందు అది లెక్క సరిచేయడంలా అనిపించి ఊరుకున్నాను. ఆయన గొప్పతనం ఆమె వంటరితనాన్ని మాఫీ చేయదు. ఆమె వంటరితనం ఆయన పనిని తక్కువ చేయదు. రెండూ నిజమే.

నాయన వేరేది అడిగాడు. మందుల కంపెనీ అంటే మా మండలంలో ఇప్పుడు చిన్న మాట కాదు. 2024లో డప్పూర్, మల్గి, వడ్డి భూముల్లో ఫార్మా పరిశ్రమ పెడతామనే ప్రతిపాదన వచ్చి రైతులు రోడ్డెక్కారు. మా చుట్టాల చెలకలు కూడా అటే. అంత గొప్ప మందు మట్టిలోంచే దొరికితే, మందుల కోసం మట్టిని ఎందుకు పోగొట్టుకోవాలని నాయన ప్రశ్న. ఆయన్ని వాదనలో గెలవడానికి నాకు మాటలు దొరకలేదు. ఇంట్లో వేసుకునే మాత్ర ఎక్కడో ఒకచోట తయారవ్వాలి, అదీ నిజమే. ఆ తయారీ నీళ్ళనీ, సాగునీ చెడగొట్టకుండా ఎలా అన్నది కూడా పరిశోధనే కదా అన్నాను. అయితే అదే చదువు అన్నాడు నాయన. నేను సీఎస్ అని గుర్తుచేయలేదు.

సెలవులయ్యే ముందు రోజు అప్లికేషన్ పూర్తిచేశాను. అందులో సుబ్బారావు పేరు రాయలేదు, గొప్పవాళ్ళని అడ్డం పెట్టుకున్నట్టు ఉంటుందని. రీడింగ్ తేడా వస్తే కొట్టేయకుండా దాని వెంట వెళ్ళడం నేర్చుకోవాలని ఉంది అని రాశాను. తిరిగొచ్చే తేదీ అడిగిన గడి దగ్గర అమ్మ పక్కనే నిలబడి, నింపావా లేదా అని రెండుసార్లు అడిగింది. నింపాను.

ఇంకా మెయిల్ రాలేదు. అక్క మాత్రం ఇప్పుడు మాత్ర దాచట్లేదట. శేషగిరి గుర్తొచ్చి వేసుకుంటున్నానని ఫోన్లో చెప్పింది.