జీతం లేని లెక్కల పంతులమ్మ

మా ఆడపడుచు కూతురు ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు దాని నోటుపుస్తకం తిరగేస్తే పేజీ పేజీకీ నోతీరియన్ రింగు అన్న మాటే కనిపించింది. ఎవరే ఈ నోతర్, ఏ దేశపాయన అని అడిగాను. అది పకపకా నవ్వి, ఆయన కాదత్తయ్యా, ఆవిడ అంది. బి.ఏ. చదివిన నాకు లెక్కలంటే భయమే. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ గురించి దొరికినవన్నీ చదివాను.

ఆమె పేరు ఎమీ నోతర్. 1882 మార్చి 23న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రి మాక్స్ నోతర్ అక్కడి విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసరు. ఎమీ మొదట ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చెప్పేందుకు పరీక్ష పాసయింది. కానీ ఆ ఉద్యోగంలో చేరకుండా విశ్వవిద్యాలయానికి వెళ్లింది. 1900లో అక్కడి 986 మంది విద్యార్థుల్లో ఆడవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ కూడా మాస్టార్ల అనుమతి అడిగి పాఠం వినాల్సిందే తప్ప, రిజిస్టరులో పేరుండదు. 1904లో ఆ నిబంధన పోయింది. 1907లో ఆమెకి డాక్టరేటు వచ్చింది. ఆ సిద్ధాంత వ్యాసంలో 300కి పైగా బీజగణిత రూపాలను లెక్కగట్టి పట్టిక వేసింది. తర్వాత్తర్వాత తనే దాన్ని చెత్త కింద కొట్టిపారేసింది.

డాక్టరేటు వచ్చినా ఉద్యోగం రాలేదు. 1908 నుంచి 1915 దాకా ఎర్లాంగెన్‌లో జీతం లేకుండానే పనిచేసింది. తండ్రికి ఒంట్లో బాగాలేనప్పుడు ఆయన క్లాసులు తీసుకునేది.

1915లో హిల్బర్ట్, క్లైన్ అనే పెద్ద గణితవేత్తలు ఆమెను గోటింగెన్‌కి పిలిపించుకున్నారు. అక్కడి ఇతర శాఖల ప్రొఫెసర్లు ఆడమనిషికి అధికారికంగా పాఠం చెప్పే హక్కేమిటని అడ్డుపడ్డారు. దాంతో నోటీసు బోర్డు మీద హిల్బర్ట్ పేరుండేది, పాఠం ఈమె చెప్పేది. 1918లో ప్రకృతిలోని సౌష్ఠవానికీ, శక్తి నిత్యత్వం వంటి నియమాలకీ ఉన్న సంబంధాన్ని రుజువు చేసింది. భౌతికశాస్త్రం ఈనాటికీ దాని మీద ఆధారపడుతోంది. 1919లో గానీ సొంత పేరుతో పాఠం చెప్పే హక్కు రాలేదు.

మా పిల్ల పుస్తకంలోని రింగు 1921 నాటి వ్యాసంలోది. అది నాకు ఇలా విడమరిచి చెప్పింది. 12 గుణిజాలన్నీ ఒక గిన్నెలో వేశామనుకోండి. దాన్ని తనలో పట్టించుకునే పెద్ద గిన్నె 6 గుణిజాలది. ఇంకా పెద్దది 3 గుణిజాలది. ఆ పైది మొత్తం పూర్ణసంఖ్యలది. ఇక అంతే, అంతకన్నా పెద్ద గిన్నె లేదు. ఎక్కడ మొదలెట్టినా వరస ఒకచోట ఆగి తీరుతుంది. ఈ ఆగే గుణం ఒక్కటి చాలు, అంతకుముందు పెద్ద పెద్ద లెక్కలు చేసి రాబట్టిన ఫలితాలు సులువుగా వచ్చేస్తాయని నోతర్ చూపించింది. వినిమయ బీజగణితం అనే శాఖకి అదే పునాది అయింది. ఒకప్పుడు పట్టికలు వేసిన మనిషి, పట్టికల అవసరమే లేకుండా చేసింది!

పాఠం చెబుతూ ఒళ్లు మరిచిపోయేదట. జడపిన్నులు ఊడి జుట్టు చెదిరినా పట్టేది కాదట. జీతమంటూ మొదటిసారి అందింది 1923లో, అదీ చాలా తక్కువ. 1932లో జ్యూరిక్‌లో జరిగిన ప్రపంచ గణిత మహాసభలో ప్రధాన ప్రసంగం చేసింది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే. ఆ మరుసటేడే హిట్లర్ ప్రభుత్వం యూదురాలని కొలువులోంచి తీసేసింది. ఆమె విద్యార్థుల్ని తన ఇంటికే పిలిచి పాఠం చెప్పింది. అదే ఏడు అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలకి వెళ్లింది. 1935 ఏప్రిల్ 14న, ఆపరేషనైన నాలుగో రోజున, 53 ఏళ్లకే కన్నుమూసింది. గోటింగెన్ ఆమెకి పూర్తిస్థాయి ప్రొఫెసరు పదవి ఎన్నడూ ఇవ్వనే లేదు.

ఇదంతా చదివి, ఎంత త్యాగమో అని రాయబోయి ఆగిపోయాను. డబ్బు ఆశించకుండా పని చేసిన ఆడదాన్ని త్యాగమూర్తి అనడం మనకి బాగా అలవాటు. అలా అనేస్తే, ఆ పని ఊరికే చేయించుకున్నవాళ్ల సంగతి ఎవరూ అడగరు. నోతర్‌కి లెక్కలంటే ప్రాణం కాబట్టి చేసింది, అది ఆమె ఆనందం. జీతం ఎగ్గొట్టింది మాత్రం వాళ్లు. ఈ రెండూ కలిపేయకూడదని మా పిల్లకి చెప్పాను. రేపు ఉద్యోగంలో చేరాల్సిన పిల్ల కదా.