బాబాసాహెబ్ కన్నీళ్లు

మన బస్తీల్లో బాబాసాహెబ్ అంటే నీలం కోటు, చాచిన చూపుడువేలు, చేతిలో రాజ్యాంగం. ఆయన ఏడ్చారంటే చాలామందికి నచ్చదు. కానీ మహేంద్రహిల్స్ విహారంలో కళ్లు మూసుకుని లోపలికి చూసుకోవాలనుకునే మనం ఆయన దుఃఖాన్ని కూడా తెలుసుకోవాలె.

1906లో పెళ్లయ్యేనాటికి రమాబాయి ఇంకా చిన్నపిల్ల. ఆయన న్యూయార్క్, లండన్‌లలో చదువుతుంటే ఆమె బొంబాయిలో పస్తులుండి ఇల్లు నెట్టుకొచ్చింది. ఐదుగురు పిల్లల్లో యశ్వంత్ ఒక్కడే దక్కాడు. ఆఖరివాడు రాజరత్న 1926 జూలైలో పోయాడు. మరుసటి నెల ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఆ దెబ్బ నుంచి తేరుకున్నట్టు నటించలేనని ఒప్పుకున్నారు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగేనాటికి బిడ్డ పోయి ఎనిమిది నెలలే!

రమాబాయికి పండరీపురం వెళ్లాలని కోరిక. అంటరానివాళ్లను బయటే నిలబెట్టే గుడికి ఎందుకని ఆయన తీసుకుపోలేదు. 1935 మే 27న ఆమె కన్నుమూసింది. ఆయన తల గీయించుకుని, కాషాయం కట్టి, కొన్నాళ్లు ఒంటరిగా ఉండిపోయారు. ఆమెకు ఇవ్వలేకపోయిన సమయం ఆయన్ను కోసి ఉంటుంది, ఇది నా ఊహే. నాలుగున్నర నెలలకు యేవలాలో హిందూమతం వదులుతానని ప్రకటించారు. 1940లో పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆమెకే అంకితమిచ్చారు.

ఇంత పోగొట్టుకున్న మనిషి బుద్ధుణ్ణి ఎట్ల చదివారు? సిద్ధార్థుడు 29 ఏళ్లదాకా శవాన్నే చూడలేదంటే నమ్మలేదు. నాలుగు సత్యాలు అసలు మొదటి బోధలో ఉన్నాయా అని అడిగారు, ధమ్మం నిరాశగా మిగిలిపోతుందని ఆయన బాధ. ధ్యానం చేసేవాళ్లలో కొందరికి ఈ ప్రశ్న గిట్టదు. నాకైతే, లోపలి గాయాన్ని ఎరిగినవాడే ఇట్ల అడగగలడనిపిస్తుంది. దుఃఖాన్ని ఆయన దాచలేదు, పూజించనూ లేదు. దాని వేళ్లు పేదరికంలో, కులంలో కూడా ఉన్నాయని చూపించారు. మనుషుల మీద కరుణ ఒక్కటే చాలదు, సకల ప్రాణుల మీద మైత్రి కావాలన్నారు.

1953 జనవరి 12న మన ఉస్మానియా గౌరవ డాక్టరేట్ ఇచ్చేనాటికే మధుమేహం ఆయన్ను తినేస్తోంది. 1956 జూలై ఆఖరున, పని పూర్తికాకుండానే పోతానేమోనని కార్యదర్శి నానక్‌చంద్ రత్తు ఎదుటే కన్నీళ్లు పెట్టుకున్నారు. అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. డిసెంబర్ 5 రాత్రి, బుద్ధుడి మీద రాసిన పుస్తకం ముందుమాట కాగితాలు దిద్దడానికి మంచం దగ్గరికి తెప్పించుకున్నారు. తెల్లారేసరికి ఆయన లేరు.